మీట నియమం: ద్విఘటక ప్రావస్థా పటాల్లో పాళ్ల లెక్క

రెండు ఘటకాలు కలిసిన మిశ్రమ లోహంలో రెండు ప్రావస్థలు సమతాస్థితిలో పక్కపక్కనే ఉన్నప్పుడు, వాటిలో ఏది ఎంత పాలు ఉందో ప్రావస్థా పటం మీది అంకెలతోనే లెక్కగట్టే పద్ధతిని మీట నియమం అంటారు. తులాదండ సూత్రం అనీ అంటారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో మాత్రం ‘లివర్ రూల్’ అన్న మాటే చెలామణీలో ఉంది. పోత పోసే చోట, ఉక్కు పరీక్షించే చోట, సోల్డరు తయారుచేసే చోట, ఇంధన లవణాల పరిశోధనలో కూడా దీని అవసరం పడుతుంది.

నియమం చూడటానికి ఉష్ణగతిక శాస్త్రం నుంచి పుట్టినట్టు కనిపిస్తుంది గానీ, ఆ శాస్త్రం దీనికి అందించేది రెండే అంకెలు: ఆ ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో ప్రావస్థ సంఘటనం ఎంత అన్నది. ఆ పైన జరిగేదంతా ద్రవ్యరాశి జమాఖర్చు. నియమం ఎక్కడ నమ్మదగ్గదో, ఎక్కడ కాదో తెలుసుకోవాలంటే ఈ రెండు భాగాలనూ విడదీసి చూడాలి. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఆ పని చేయకుండా సూత్రాన్ని కంఠస్థం చేయిస్తాయి.

పటం, టై లైన్

ద్విఘటక పటంలో అడ్డంగా సంఘటనం, నిలువుగా ఉష్ణోగ్రత ఉంటాయి. పీడనం మారదనుకుంటాం. అమెరికా శాస్త్రవేత్త జోసయా విల్లార్డ్ గిబ్స్ 1875–78 మధ్య కనెక్టికట్ అకాడమీ పత్రికలో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో ఇచ్చిన ప్రావస్థా నియమం ప్రకారం, స్థిర పీడనం దగ్గర రెండు ఘటకాల వ్యవస్థలో రెండు ప్రావస్థలుంటే మనకు మిగిలే స్వాతంత్ర్యం ఒక్కటే. ఉష్ణోగ్రతను ఎంచుకున్నామంటే రెండు ప్రావస్థల సంఘటనాలూ నిర్ణయమైపోయినట్టే. మొత్తం మిశ్రమంలో ఏ లోహం ఎంత వేశామన్న దానితో వాటికి సంబంధం లేదు. మనం వేసే పాళ్లు మార్చితే ప్రావస్థల పరిమాణాలు మారతాయి, వాటి సంఘటనాలు మారవు.

గిబ్స్ వ్యాసం అచ్చయిన పత్రిక పెద్దగా ఎవరూ చదివేది కాదు. హాలండ్ రసాయన శాస్త్రవేత్త బఖుయిస్ రోజెబూమ్ దృష్టికి దాన్ని తెచ్చినవాడు వాన్ డెర్ వాల్స్. రోజెబూమ్ ఆ నియమాన్ని ప్రయోగశాలలోకి దించాడు. లండన్ టంకశాల రసాయనవేత్త రాబర్ట్స్-ఆస్టెన్ 1897 ప్రాంతంలో గీసిన ఇనుము–కార్బన్ పటాన్ని రోజెబూమ్ 1900లో ప్రావస్థా నియమానికి అనుగుణంగా సరిదిద్దాడు. ఉక్కు బాగా వేడిగా ఉన్నప్పుడు అందులో ఉండే ప్రావస్థకు ఆస్టెనైట్ అన్న పేరు రాబర్ట్స్-ఆస్టెన్ పేరు మీద వచ్చిందే.

రెండు ప్రావస్థలుండే ప్రాంతంలో, ఎంచుకున్న ఉష్ణోగ్రత దగ్గర ఒక అడ్డగీత గీస్తే అది ఇరువైపులా హద్దు రేఖలను తాకుతుంది. అదే టై లైన్. తాకిన చోటు నుంచి కిందికి దిగి అడ్డ అక్షం మీద చదివితే రెండు ప్రావస్థల సంఘటనాలు దొరుకుతాయి. మొత్తం మిశ్రమం సంఘటనం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ బిందువును ఆనుబిందువు అనుకుంటే టై లైన్ ఒక మీట అవుతుంది. ఒక ప్రావస్థ పాలు కావాలంటే ఆనుబిందువు నుంచి అవతలి కొస వరకున్న దూరాన్ని టై లైన్ మొత్తం పొడవుతో భాగించాలి.

అవతలి కొస ఎందుకన్నది విద్యార్థులు తడబడే చోటు. కావడి మోసేవాడు రెండు బుట్టల్లో బరువు సమానంగా లేకపోతే బరువైన బుట్ట భుజానికి దగ్గరగా వచ్చేలా బద్దను జరుపుకుంటాడు. ఇక్కడా ఎక్కువున్న ప్రావస్థే ఆనుబిందువుకు దగ్గరగా ఉంటుంది. దగ్గరున్న చేయి పొట్టిది కాబట్టి, ఆ ప్రావస్థ పాలు చెప్పేది ఎదుటి పొడవైన చేయి.

సోల్డరు మీద ఒక లెక్క

సీసం–తగరం పటం ఈ నియమానికి మంచి పరీక్ష. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండూ కలిస్తే కరిగే ఉష్ణోగ్రత తగ్గుతూ వచ్చి, తగరం భార శాతం 61.9 దగ్గర అతి కింది స్థాయికి, 183 డిగ్రీలకు చేరుతుంది. ఇది యూటెక్టిక్ బిందువు. ఆ ఉష్ణోగ్రత దగ్గర సీసం ఎక్కువున్న ఆల్ఫా ఘన ద్రావణం తనలో 18.3 శాతం తగరాన్ని ఇముడ్చుకోగలదు. తగరం ఎక్కువున్న బీటాలో తగరం 97.8 శాతం.

తగరం 40, సీసం 60 శాతం ఉన్న సోల్డరు ఒక కిలో తీసుకుందాం. పూర్తిగా కరిగించి, నెమ్మదిగా చల్లార్చి, 183 డిగ్రీలకు ఒక్క పిసరు పైన ఆపుదాం. ఇప్పుడు ఆల్ఫా ఘనం, ద్రవం రెండూ ఉన్నాయి. ఆల్ఫాలో తగరం 18.3 శాతం, ద్రవంలో 61.9 శాతం. సగటు 40. ఆల్ఫాలోని ప్రతి వంద గ్రాములకూ సగటు కంటే 21.7 గ్రాముల తగరం తక్కువ పడింది. ద్రవంలోని ప్రతి వంద గ్రాములకూ 21.9 గ్రాములు ఎక్కువైంది. కిలో మొత్తంలో ఆ లోటు, ఈ మిగులు సరిగ్గా చెల్లిపోవాలి, ఎందుకంటే తగరం ఎక్కడికీ పోలేదు. అంటే ఆల్ఫా పాలు, ద్రవం పాలు 21.9కి 21.7 నిష్పత్తిలో ఉండాలి. ఆల్ఫా పాలు 21.9 ÷ 43.6, అంటే 0.502. ద్రవం 0.498.

సరిచూసుకోవడం తేలిక. 502 గ్రాముల ఆల్ఫాలో తగరం 92 గ్రాములు. 498 గ్రాముల ద్రవంలో 308 గ్రాములు. కలిపితే 400. మనం వేసింది అంతే. పరీక్షలో ఈ ఒక్క వరుస చివర రాసుకునే అలవాటు ఉంటే చేతులు తారుమారయ్యే పొరపాటు అక్కడే పట్టుబడుతుంది.

183 డిగ్రీలు దాటి కిందికి దిగాక ద్రవమంతా గడ్డకట్టి ఆల్ఫా, బీటా పొరలు పొరలుగా అల్లుకున్న యూటెక్టిక్‌గా మారుతుంది. ఇప్పుడు టై లైన్ 18.3 నుంచి 97.8 దాకా సాగుతుంది. మొత్తం ఆల్ఫా (97.8 − 40) ÷ 79.5, అంటే 0.727. ఇందులో 0.502 యూటెక్టిక్‌కు ముందే ఏర్పడిన పెద్ద రేణువులు. మిగిలిన 0.225 యూటెక్టిక్ పొరల్లోది. యూటెక్టిక్ లోపల ఆల్ఫా పాలు విడిగా లెక్కగడితే 0.452 వస్తుంది, దాన్ని 0.498తో గుణించినా అదే 0.225. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావడం కాకతాళీయం కాదు, అదే తగరాన్ని రెండుసార్లు లెక్కపెట్టాం.

‘ఆల్ఫా ఎంత?’ అన్న ప్రశ్నకు అందుకే రెండు జవాబులున్నాయి. మొత్తం ఆల్ఫా అడిగితే రెండు ఘన ప్రావస్థల మధ్య టై లైన్. ప్రాథమిక ఆల్ఫా అడిగితే యూటెక్టిక్‌కు పైనున్న టై లైన్. యూటెక్టిక్ అన్నది ప్రావస్థ కాదు, రెండు ప్రావస్థల అల్లిక. దాని పాలును మీటతో లెక్కగట్టగలగడానికి కారణం, గడ్డకట్టే ముందు అది ఒకే ద్రవ ప్రావస్థగా ఉండటం.

ఎలక్ట్రానిక్స్ పనికి 63–37 సోల్డరునూ, సీసపు గొట్టాల అతుకులకు తగరం తక్కువున్న సోల్డరునూ ఎందుకు ఎంచుకున్నారో ఈ లెక్కే చెబుతుంది. మొదటిది యూటెక్టిక్‌కు దాదాపు ఆనుకుని ఉంటుంది కనుక ఒక్కసారిగా గడ్డకడుతుంది. రెండోది చాలా డిగ్రీల మేర సగం ఘనం, సగం ద్రవంగా ముద్దలా ఉండి, పనివాడు గుడ్డతో అతుకు మీద సర్దుకునేందుకు వ్యవధినిస్తుంది.

భారమా, ఘనపరిమాణమా

అడ్డ అక్షం మీద భార శాతం ఉంటే మీట చెప్పేది భార పాళ్లు. పరమాణు శాతం ఉంటే పరమాణువుల లెక్కన పాళ్లు. ఘనపరిమాణం ఏ అక్షం మీదా ఉండదు. మైక్రోస్కోపు కింద మాత్రం కనిపించేది వైశాల్యమే. మెరుగుపెట్టిన ముఖం మీద ఒక ప్రావస్థ ఆక్రమించిన వైశాల్యపు పాలు దాని ఘనపరిమాణపు పాలుతో సమానమని ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త డెలెస్ 1847లో చూపించాడు.

తేడా ఎంతుంటుందో సీసం–తగరంలోనే చూడవచ్చు. యూటెక్టిక్‌లో ఆల్ఫా భారం 45 శాతం. ఆల్ఫా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.3 గ్రాములు, బీటాది సుమారు 7.3. సాంద్రతతో భాగించి చూస్తే ఆల్ఫా ఘనపరిమాణం 37 శాతమే. మైక్రోస్కోపులో ఆల్ఫా మచ్చలను లెక్కపెట్టి, మీట లెక్కతో పోల్చి, ఎనిమిది శాతం తేడా ఎక్కడిదని తల పట్టుకోవడం ప్రయోగశాలల్లో మామూలే. ఉక్కులోని రెండు ప్రావస్థలైన ఫెర్రైట్, సిమెంటైట్ సాంద్రతలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక అక్కడ ఈ ఇబ్బంది అంతగా తెలియదు. గ్రాఫైట్ ఉన్న బూడిదరంగు పోత ఇనుములో మళ్లీ తేడా పెద్దదవుతుంది.

ఉక్కులో

ఇనుము–కార్బన్ పటంలో మీటకు తరచుగా పని పడేది 727 డిగ్రీల దగ్గర. 0.76 శాతం కార్బన్ ఉన్న ఆస్టెనైట్ అక్కడ ఫెర్రైట్‌గా, సిమెంటైట్‌గా విడిపోతుంది. ఫెర్రైట్‌లో కార్బన్ 0.022 శాతం, సిమెంటైట్‌లో 6.7 శాతం. టై లైన్ మీద ఆనుబిందువు ఎడమ కొసకు బాగా దగ్గరగా ఉంది. ఫలితంగా, ఈ రెండూ పొరలుగా అల్లుకుని ఏర్పడే పియర్లైట్‌లో ఫెర్రైట్ 89 శాతం, సిమెంటైట్ 11 శాతం. పియర్లైట్ పొరల్లో ఫెర్రైట్ పొరలు మందంగా, సిమెంటైట్ పొరలు పలచగా కనిపించడానికి కారణం ఈ నిష్పత్తే.

ఇళ్లకు వాడే కడ్డీల స్థాయిలో, 0.20 శాతం కార్బన్ ఉన్న ఉక్కును నెమ్మదిగా చల్లార్చితే పియర్లైట్ 24 శాతం వస్తుంది: (0.20 − 0.022) ÷ (0.76 − 0.022). మిగతా 76 శాతం ముందే విడివడిన ఫెర్రైట్. సిమెంటైట్ మొత్తం 2.7 శాతమే. లెక్కను తిరగేసి కూడా వాడతారు. మైక్రోస్కోపులో పియర్లైట్ సగం కనిపిస్తే కార్బన్ సుమారు 0.39 శాతమని అంచనా వేయవచ్చు. అయితే ఉక్కు కొలిమిలోనే నెమ్మదిగా చల్లారి ఉండాలి. గాలిలో చల్లార్చిన ఉక్కులో పియర్లైట్ కొంచెం పలచన కార్బన్‌తోనే ఏర్పడిపోతుంది కనుక అంచనా పైకి పోతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారంతో సహా దేశంలో చాలా చోట్ల తయారయ్యే టీఎంటీ కడ్డీని అడ్డంగా కోసి, ఆమ్లంతో తుడిచి చూస్తే నియమం పరిధి ఒక్క ముక్కలోనే కనిపిస్తుంది. రోలింగ్ పూర్తయి ఎర్రగా వస్తున్న కడ్డీ మీద నీళ్లు చిమ్మడంతో అంచు ఒక్కసారిగా చల్లారి మార్టెన్సైట్ అవుతుంది. లోపలి వేడి తర్వాత బయటికి వచ్చి దాన్ని కాస్త మెత్తబరుస్తుంది. అంచు ఉంగరంలా ముదురు రంగులో, నడిమి భాగం లేత రంగులో కనిపిస్తాయి. నడిమి భాగంలో ఫెర్రైట్, పియర్లైట్ ఉంటాయి. అక్కడ మీట లెక్క దాదాపుగా నప్పుతుంది. చిమ్మిన క్షణంలో అంచులో కార్బన్‌కు కదిలే సమయమే దొరకలేదు. ఆస్టెనైట్‌లో ఎంత కార్బన్ ఉందో మార్టెన్సైట్‌లోనూ అంతే. రెండు సంఘటనాలుగా విడిపోనప్పుడు టై లైన్ లేదు, మీటా లేదు.

కార్బన్ ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి తెలంగాణలో చేసిన ఊట్జ్ ఉక్కు కంటే మంచి ఉదాహరణ దొరకదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఈ ఉక్కు గురించి హెన్రీ వోయ్‌సీ రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. ఊట్జ్‌లో కార్బన్ ఎక్కువగా ఒకటిన్నర శాతం చుట్టూ ఉంటుంది. ఆ అంకెతో మీట వేస్తే 727 డిగ్రీలకు ముందే విడివడే సిమెంటైట్ (1.5 − 0.76) ÷ (6.7 − 0.76), అంటే 12.5 శాతం. పియర్లైట్‌లోది కూడా కలుపుకుంటే సిమెంటైట్ మొత్తం 22 శాతం. మామూలు కడ్డీలో ఉన్నదానికి ఎనిమిది రెట్లు.

ఇంత సిమెంటైట్ రేణువుల సరిహద్దుల వెంట వలలా అల్లుకుంటే ఉక్కు గాజులా పగులుతుంది. ఎర్రటి వేడిలో ఓర్పుగా సాగగొట్టితే వల తెగి చిన్న చిన్న గుండ్లుగా మారి వరసలు కడుతుంది. ఊట్జ్‌తో చేసిన డమాస్కస్ కత్తుల మీది చారలు ఆ వరసలే. రెండు సందర్భాల్లోనూ మీట చెప్పేది 22 శాతమే. పరిమాణం దాని పరిధిలోది, ఆకారం కాదు. ఈ ఉక్కులో సిమెంటైట్ అంతా ఆస్టెనైట్‌లో కరిగిపోవాలంటే 1000 డిగ్రీల దరిదాపులకు వేడి చేయాలి. అంత వేడిలో సాగగొట్టి చల్లార్చితే పాత వరసలు మిగలవు. అందుకని కమ్మరి దానికి చాలా కిందనే, రెండు ప్రావస్థల ప్రాంతంలోనే పనిచేయాలి. ఉదాహరణకు ఆస్టెనైట్‌లో 1.1 శాతం కార్బన్ మాత్రమే ఇమిడే ఉష్ణోగ్రత దగ్గర సుత్తి పడుతోందనుకుంటే, కరగకుండా మిగిలిన సిమెంటైట్ 7 శాతం ఉంటుంది.

ఇంకొక విషయం. ఇనుము–సిమెంటైట్ పటం అసలు సిసలైన సమతాస్థితి పటం కాదు. తగినంత కాలం ఇస్తే సిమెంటైట్ ఇనుముగా, గ్రాఫైట్‌గా విడిపోతుంది. అయినా మీట నియమానికి ఇబ్బంది లేదు. ప్రావస్థలు రెండే ఉండటం, ఒక్కోదాని లోపల సంఘటనం అంతటా ఒకేలా ఉండటం, ఆ సంఘటనాలు మనకు తెలియడం: దానికి కావలసింది ఇంతే. సమతాస్థితి ఆ మూడో అవసరం తీర్చడానికే.

ఎక్కడ తప్పుతుంది

పై షరతుల్లో పోతపనిలో ముందుగా తప్పేది రెండోది. అల్యూమినియంలో 4.5 శాతం రాగి వేసి పోత పోశారనుకుందాం. ఈ వ్యవస్థలో యూటెక్టిక్ 548 డిగ్రీల దగ్గర, 33.2 శాతం రాగి వద్ద ఉంది. ఘన అల్యూమినియం ఆ ఉష్ణోగ్రతలో 5.65 శాతం రాగిని ఇముడ్చుకుంటుంది. 4.5 అంతకంటే తక్కువే కనుక మీట లెక్క ప్రకారం యూటెక్టిక్ అసలు రాకూడదు. నిజమైన పోతలో మాత్రం వస్తుంది.

ఘనంలో పరమాణువులు చాలా నెమ్మదిగా కదులుతాయి. మొదట గడ్డకట్టిన నడిమి భాగంలో రాగి తక్కువగా ఉండిపోతుంది. తర్వాతి పొరల్లో పెరుగుతూ పోతుంది. మిగిలిన ద్రవంలో రాగి పోగుపడి చివరకు 33.2 శాతానికి చేరుతుంది. ఘనంలో వ్యాపనం అసలే లేదని, ద్రవం మాత్రం బాగా కలిసిపోతుందని అనుకుని గల్లివర్ 1913లో, షైల్ 1942లో చేసిన లెక్క ప్రకారం ఈ పోతలో 9 శాతం యూటెక్టిక్ మిగులుతుంది. మీట చెప్పే సున్నా ఒక కొస, షైల్ చెప్పే తొమ్మిది మరో కొస. పోత ఈ రెండింటి మధ్య పడుతుంది, సాధారణంగా షైల్ వైపు. తర్వాత ఆ పోతను యూటెక్టిక్‌కు దిగువన గంటల తరబడి వేడిలో ఉంచితే రాగి సర్దుకుని, మీట లెక్క వైపు తిరిగి వస్తుంది. ద్రవ్యరాశి నిత్యత్వం షైల్ లెక్కలోనూ ఉంది. లేనిది ఒకే సంఘటనం ఉన్న ఘనం.

సరిగ్గా యూటెక్టిక్ ఉష్ణోగ్రత దగ్గర కూడా మీట పనిచేయదు. అక్కడ మూడు ప్రావస్థలు కలిసి ఉంటాయి, ప్రావస్థా నియమం ప్రకారం స్వాతంత్ర్యం సున్నా. మూడు పాళ్లు తెలియాలి, సమీకరణాలు రెండే. ఉష్ణోగ్రత 183 దగ్గర నిలబడి ఉండగా ఎంత వేడి బయటికి పోయిందన్న దాన్ని బట్టి ద్రవం పాలు తగ్గుతూ పోతుంది. అందుకే పుస్తకాలన్నీ ‘కాస్త పైన’, ‘కాస్త కింద’ అంటాయి.

హద్దు రేఖలు చదవడంలో వచ్చే తప్పు మరో రకం. టై లైన్ పొట్టిగా ఉంటే చిన్న తప్పు పెద్దదవుతుంది. రాగి–నికెల్ పటంలో 1250 డిగ్రీల దగ్గర ద్రవంలో నికెల్ 31.5 శాతం, ఘనంలో 42.5 శాతం. 35 శాతం నికెల్ ఉన్న మిశ్రమంలో ద్రవం 68 శాతం. ద్రవపు కొసను 32.5గా చదివితే అదే 75 శాతం అయిపోతుంది. పుస్తకాల మధ్య తేడాలూ ఉన్నాయి: 727 డిగ్రీల దగ్గర విడిపోయే ఆస్టెనైట్ కార్బన్ శాతాన్ని, అంటే ఉక్కు యూటెక్టాయిడ్‌ను ఒకరు 0.76 అంటారు, ఒకరు 0.77, పాత పుస్తకాలు 0.8. సీసంలో తగరం ద్రావణీయత కొన్నిట్లో 18.3, మరికొన్నిట్లో 19.2. జవాబులో దశాంశ స్థానాలు గుప్పించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

లోహాలకు వెలుపల

లెక్క ద్రవ్యరాశిది కాబట్టి లోహాలకే పరిమితం కాదు. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు ఆవిరి ‘డ్రైనెస్ ఫ్రాక్షన్’ అని చూసేది ఈ మీటనే, సంఘటనానికి బదులు కిలోకు ఎంత ఘనపరిమాణం అన్నది అడ్డ అక్షంగా. 100 డిగ్రీల దగ్గర కిలో నీరు 0.001 ఘనపు మీటర్లు, కిలో ఆవిరి 1.673 ఘనపు మీటర్లు ఆక్రమిస్తాయి. కిలో మిశ్రమం అర ఘనపు మీటరు ఉందంటే అందులో ఆవిరి 30 శాతం. స్వేదనంలో ద్రవం, బాష్పం పాళ్లకూ ఇదే దారి.

మూడు ఘటకాలుంటే పటం త్రిభుజమవుతుంది. మూడు ప్రావస్థలుండే చోట మీటకు బదులు లోపలి త్రిభుజం, ఆనుబిందువుకు బదులు దాని గరిమనాభి. ఈ జ్యామితిని మోబియస్ 1827లోనే గణితంగా రాసిపెట్టాడు. ఒక ఉష్ణోగ్రత దగ్గర కోసిన సమతల ఛేదంలో టై లైన్‌లు ఆ తలంలోనే ఉంటాయి కనుక మీట నిస్సంకోచంగా వాడవచ్చు. స్టెయిన్‌లెస్ ఉక్కుల కోసం ఇనుము శాతాన్ని స్థిరంగా ఉంచి గీసే నిలువు ఛేదాల సంగతి వేరు. అవి చూడటానికి అచ్చం ద్విఘటక పటాల్లాగే ఉంటాయి. టై లైన్‌లు మాత్రం కాగితం తలంలోంచి బయటికి పోతాయి. అడ్డగీత గీసి కొసలు చదివితే వచ్చే అంకెలకు అర్థం ఉండదు. అలాంటి పటంలో ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ ప్రావస్థలుంటాయో చదువుకోవచ్చు. పాళ్లు కావాలంటే గిబ్స్ శక్తుల నుంచి మూడు ఘటకాల లెక్కనూ కంప్యూటర్ చేత కట్టించాలి.